శాకాహారి గోపి

మా ఇంటి కుక్కను నేనే చంపాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. తీరా రాశాక చదువుకుంటే అంత కష్టమైన వాక్యంలా లేదు. అందుకే మీతో మొదటే చెప్పేస్తున్నాను, దీని వెనక ఇంకొకటి ఉంది. కుక్క సంగతి వింటే మీరు జాలిపడతారు. తెలియక చేసిందిలే పాపం, అంటారు. రెండోది తెలిసి చేశాను. దాన్ని నేరుగా చెప్పే ధైర్యం లేక కుక్కను అడ్డం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. అప్పుడు చేసిందీ ఇదే. బుద్ధి ఎక్కడికి పోతుంది?

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు, ఆ సంగతి నాకు తెలుసు. పోతుందని రాయడం లేదు, మొయ్యలేక రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీకు తెలియదు. ఆ సౌకర్యం కూడా ఒక రకం పిరికితనమే అని మీరంటే కాదనను.

మధురానగర్‌లో మాకు సొంత ఇల్లు ఉంది. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. కింద మేం ఉండేవాళ్ళం. పై గదులు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకి వచ్చే ఆడపిల్లలకి అద్దెకిచ్చేవాళ్ళం. సాఫ్ట్‌వేర్ మంచి ఊపు మీద ఉన్న రోజులు. మైత్రీవనం ముందు నుంచి నడిచామంటే జావా అని ఒకడు, టెస్టింగ్ అని ఇంకొకడు చేతిలో కాగితాలు పెట్టేవాళ్ళు. నేను కూడా డిగ్రీ అయ్యాక టెస్టింగ్ కోర్సులో చేరాను. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరే పై గదుల పిల్లలందరికీ నంబరు. ఆ ఫోను గురించి తర్వాత చెప్పాలి.

మేం ఏ కులమో రాయను. మాంసం ముట్టని ఇల్లు అంటే మీరే లెక్క కట్టేసుకుంటారు. నేనూ ఎదుటివాళ్ళ లెక్క అలాగే కట్టేదాన్ని. ఇంటిపేరు వినగానే, ఊరు వినగానే, నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడగానే. మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఉప్పు ఎక్కడుందో తెలిసినట్టు అది కూడా తెలిసిపోయింది.

గోపిని ఇంటికి తెచ్చింది నేనే. జెరాక్స్ షాపు మెట్ల కింద వానలో తడిసి వణుకుతున్న కుక్కపిల్ల. ఓణీలో చుట్టి తెచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఆపేసి, "కుక్కేంటే తల్లీ, మడీ తడీ ఉన్న కొంపలో!" అని మొత్తుకుంది. నాన్న బయటికి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని చూసి, "గోపీచందనం రంగులో ఉన్నాడే వెధవ" అని నవ్వారు. అంతే. ఆ నవ్వుతోనే వాడికి పేరూ పడింది, వరండాలో చోటూ దొరికింది.

నాన్న ఎవరినీ అంత ముద్దు చేయగా నేను చూడలేదు. నన్ను కూడా. నాతో మార్కుల గురించి తప్ప మాట్లాడని మనిషి, ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే "ఏరా గోపీ, భోంచేశావా నాన్నా?" అనేవారు. వాడికి పెరుగన్నం. ఏకాదశి రోజు ఆయన ఉపవాసముంటే వాడికీ ఉప్పుపిండే. ఎవరైనా ఇంటికి వస్తే కాఫీ కంటే ముందు గోపి భోజనం చూపించేవారు. "చూశారా అండీ, మావాడు శాకాహారి. మొన్న పక్కింటివాళ్ళు పారేసిన చికెన్ ముక్క వాసన చూసి మొహం తిప్పుకుని వచ్చేశాడు. పూర్వజన్మ సంస్కారం, ఇంకేంటి!" ఆ ముక్కను ఎవరు చూశారో, వాడు ఎప్పుడు మొహం తిప్పుకున్నాడో నాకు తెలియదు. చెప్పగా చెప్పగా మేమందరం చూసినట్టే అయింది. అమ్మ కూడా చుట్టాలకి చెప్పేది. నేను కాలేజీలో చెప్పాను, గొప్పగా.

గదికి వచ్చిన ప్రతి పిల్లకీ నాన్న చెప్పే మాట ఒకటి ఉండేది. "మా ఇంట్లో కుక్క కూడా ముట్టదమ్మా. మనుషులు, మీరు ఆ మాత్రం ఉండలేరా?" పిల్లలు నవ్వి సరే అంకుల్ అనేవాళ్ళు. ఆ మాటలో ఏముందో నాకప్పుడు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. వీధిలో పుట్టిన కుక్క మాలో కలిసిపోయింది. మనుషులు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి పరీక్ష రాయాల్సి వచ్చేది.

ఆమె పేరు మార్చి రాస్తున్నాను. మంజుల అనుకోండి.

కోర్సులో నా పక్క సీటు. వరంగల్ వైపు పల్లెటూరు. వాళ్ళ నాన్న బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు అందరి ఇళ్ళతో కలిసి ఉండవని ఆమె మాటల్లోనే తెలిసింది. దాచలేదు, చాటలేదు. బోరబండలో చిన్నమ్మ ఇల్లుంది కానీ ఒకటే గది, అందులో ఐదుగురు. చదువుకోడానికి చోటు లేదు. "మీ ఇంట్ల రూమున్నదా?" అని అడిగింది. ఉందన్నాను. నేనే తీసుకెళ్ళాను, నేనే హామీ ఇచ్చాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె మా ఇంటికి నా చెయ్యి పట్టుకుని వచ్చింది.

నాన్న ఇంటిపేరు అడిగారు. చెప్పింది. ఆయన కాసేపు గోడ మీది క్యాలెండర్ చూశారు. "క్లాసులో ఫస్టు నాన్నా" అన్నాను నేను. రెండో అంతస్తులో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అయినా ఆమెకు డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కనున్న రేకుల గది ఇచ్చారు. గాలి బాగా వస్తుందమ్మా అన్నారు. నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. తర్వాత కుక్క మాట చెప్పారు. ఆమె నవ్వలేదు. "మా ఇంట్ల ఆదివారం కూర లేకుంటే మా నాయిన అన్నం ముట్టడంకుల్. అయినా మీ ఇంట్ల ఉన్నన్ని దినాలు నేను ముట్ట" అంది. నాన్న తలూపారు.

ముట్టలేదు. ఇంట్లోనే కాదు, బయట కూడా. ఇది నేను ఎవరికన్నా బాగా చెప్పగలను. ఎందుకంటే ముట్టింది నేను.

పంజాగుట్టలో ఒక ఇరానీ హోటలుకు కోర్సు పిల్లలం కలిసి వెళ్ళేవాళ్ళం. మొదటిసారి బిర్యానీలో ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు భూమి బద్దలవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. భలే ఉంది. రుచి ఒక్కటే అయితే మానేసేదాన్నేమో. ఆ బల్ల దగ్గర కూర్చుంటే నేను ఫలానా వారి అమ్మాయిని కాదు. అది బాగుండేది. నేను కోడి కాలు పీకుతుంటే ఎదురుగా మంజుల పెరుగన్నం తెప్పించుకుని తినేది. పిల్లలు ఆటపట్టించేవాళ్ళు, "మీరిద్దరూ ప్లేట్లు మార్చుకున్నరా ఏంది?" అని. ఆమె నవ్వేది. "మాటిచ్చిన గద" అనేది. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి వెళ్ళేముందు సోంపు నమిలి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునేదాన్ని.

అంతవరకు ఎవరికీ ఏ నష్టమూ లేదు. తర్వాతే వచ్చింది. ఎక్కడి నుంచో కాదు, నాలోంచే వచ్చింది.

గోపి మంజుల వెంట పడ్డాడు. ఆమె వాడికి ప్రత్యేకంగా ఏమీ పెట్టేది కాదు. మెట్ల మీద కూర్చుని చదువుకుంటూ ఒక చేత్తో వాడి చెవుల వెనక గోకేది. ఊళ్ళో వాళ్ళకి కుక్కలున్నాయట, వాటితో మాట్లాడినట్టే వీడితోనూ మాట్లాడేది. "ఏమ్రా, ఇయ్యాల గట్ల మొఖం పెట్టినవ్?" వాడు తోక ఊపుతూ ఒళ్ళో తల పెట్టేసేవాడు. క్రమంగా పగలంతా డాబా మీదే ఉండసాగాడు. నేను పిలిస్తే వచ్చేవాడు, వచ్చి మళ్ళీ పైకి పోయేవాడు. నేను ఓణీలో చుట్టి తెచ్చిన కుక్క!

నాకు మండింది. మామూలుగా కాదు. అన్నం సహించేది కాదు. అప్పుడు అది ప్రేమ అనుకున్నాను, నా కుక్క మీద నాకున్న ప్రేమ. ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటాను. రెండో అంతస్తులో మా వైపు పిల్లలు నలుగురున్నారు. వాళ్ళలో ఎవరి వెంట పడినా నాకంత మండేదా? అడిగిన ప్రతిసారీ వచ్చే జవాబు ఒకటే. మండేది కాదు. నేను హోటలు బల్ల దగ్గర ఎంత మారినా, ఎంత కోడి తిన్నా, నా లోపల నాన్న కూర్చునే ఉన్నారు. ఆమెను నేను స్నేహితురాలు అనుకున్నాను. గోపి మాత్రం ఆమెను నాకంటే ఎక్కువ అనుకున్నాడు. అది నేను భరించలేకపోయాను.

అందుకని లంచం మొదలుపెట్టాను.

హోటల్లో ఎముకలు కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకునేదాన్ని. మంజుల చూసింది. "మీ నాయినకు తెలిస్తే?" అంది. "ఎలా తెలుస్తుంది, గోపి చెప్తాడా?" అన్నాను. మంజుల లైబ్రరీకి వెళ్ళే వేళ చూసి, వాణ్ణి నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళి పెట్టేదాన్ని. పూర్వజన్మ సంస్కారం ఎంతసేపు నిలిచిందనుకున్నారు? కాగితం విప్పకముందే చేతిలోంచి లాక్కున్నాడు. కళ్ళు మూసుకుని కరకరా నమిలాడు. నా గేటు చప్పుడు వింటే చాలు, డాబా మీద నుంచి దూకినట్టు వచ్చేవాడు. వాడు మళ్ళీ నావాడయ్యాడు. ఎంత పొంగిపోయానో! మంజుల మెట్ల మీద ఒంటరిగా కూర్చుని చదువుకుంటుంటే లోపల్లోపల ఒక సంతోషం.

ఉడికిన కోడి ఎముకలు కుక్క కడుపులో ముళ్ళలా చీలతాయని నాకు తెలియదు. నిజంగా తెలియదు. మాంసం వండిన ఇల్లయితే ఎవరో ఒకరు చెప్పేవాళ్ళేమో.

ఒక ఉదయం గోపి పెరుగన్నం దగ్గరికి రాలేదు. నడుం వంచి, తల గోడకు ఆనించి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పసుపు పచ్చగా కక్కడం మొదలుపెట్టాడు. నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి, ఆటో మాట్లాడి, పంజాగుట్టలో ఒక కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. దారంతా గోపి తల నా ఒళ్ళో ఉంది. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. గోపి కేకపెట్టాడు. "ఎముకలేమైనా తిన్నాడా?" అని అడిగాడు డాక్టరు.

నాన్న నవ్వినంత పని చేశారు. "ఎముకలా? మా ఇంట్లోనా? డాక్టరు గారూ, వీడు పుట్టి బుద్ధెరిగాక ఉల్లిపాయ కూడా తినలేదండీ."

డాక్టరు నా వైపు కూడా చూశాడు. నేనేం చెప్పానో అడగండి. ఏమీ చెప్పలేదు. గోపి చెవి నిమురుతూ నిలబడ్డాను.

ఆ గదిలో ఆ నిమిషం చెప్పి ఉంటే డాక్టరు వెంటనే ఎక్స్‌రే తీసేవాడు. పొట్ట కోసి ఎముకలు తీసేవాడేమో, గోపి బతికేవాడేమో. నాన్న నన్ను చంపేవారా? చంపరు. కొన్నాళ్ళు మాట్లాడరు. అమ్మ ఏడుస్తుంది. చుట్టాలు గుసగుసలాడతారు. అంతే కదా. ఆ అంతకి భయపడి, వాడి కడుపులో ఏముందో తెలిసి కూడా, వేడి చేసిందేమో అని డాక్టరు ఇచ్చిన మందులతో వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాను. తెలియక పెట్టాను, నిజమే. తెలిసి నోరు మూసుకున్నాను. మొదటి వాక్యంలో చంపాను అని రాసింది అందుకే.

మర్నాడు ఇంకా దిగజారితే మళ్ళీ తీసుకెళ్ళారు. అప్పుడు ఎక్స్‌రే తీశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. గోపి డాక్టరు బల్ల మీదే పోయాడు. చివర్లో నా కోసం వెతికాడని రాయాలనుంది కానీ అబద్ధం. వాడు ఎవరి కోసమూ వెతకలేదు, నొప్పితో పోయాడు.

నాన్న ఎక్స్‌రే కవరు పట్టుకుని ఇంటికి వచ్చారు. పెరట్లో గొయ్యి తవ్వించి, గోపిని పూడ్చి, తలస్నానం చేశారు. తడి పంచెతోనే డాబా ఎక్కారు. ట్యాంకు వెనక మూలలో ఎండిన ఎముకల ముక్కలు దొరికాయి. దొరక్క ఏం చేస్తాయి, ఊడ్చే తెలివి కూడా నాకు లేదు. ట్యాంకు పక్కన ఎవరి గది ఉందో మీకు చెప్పాను.

మంజులను కిందికి పిలిచారు. వరండాలో అమ్మ, నేను. గోపి గిన్నె ఇంకా అక్కడే ఉంది. ఆమె ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో వచ్చింది, వాడి కోసం. నాన్న ఎముకల కాగితం నేల మీద పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"ఏంది అంకుల్?"

"నా ఇంట్లో ఈ పని ఎన్నాళ్ళ నుంచి జరుగుతోందని అడుగుతున్నాను."

"నేను తేలేదంకుల్. మాటిచ్చిన గద మీకు. మా అమ్మ మీద ఒట్టు, ఈడికొచ్చిన కాడికెల్లి నోట్ల బెట్టలే."

"మరి ఎవరు తెచ్చారమ్మా? నేను తెచ్చానా? ఈవిడ తెచ్చిందా?" అమ్మను చూపించారు. తర్వాత చెయ్యి నా వైపు ఊపారు. "ఇదిగో, ఇది తెచ్చిందా?"

నా వంతు చివర్లో వచ్చింది. అన్నిటికన్నా నమ్మశక్యం కానిది అన్నట్టు. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు, ఆశ పుట్టింది. చూశారా ఎంత నీచమో? ఆయనకి నా మీద అనుమానమే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. తడుముకోనక్కర్లేకుండా నా పుట్టుకే నన్ను కాపాడేసింది.

మంజుల నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పవే" అంది.

మౌనంగా ఉన్నా సరిపోయేది. ఇన్నేళ్ళూ నన్ను నిద్ర పోనివ్వని ముక్క ఇది. మౌనంగా ఉన్నా నాన్న ఆమెనే అనేవారు. నేను నోరు తెరవాల్సిన అవసరమే లేదు. అయినా తెరిచాను.

"మొన్న ఆదివారం వాళ్ళ చిన్నమ్మ డబ్బా తెచ్చింది నాన్నా. నేను చూశాను" అన్నాను.

చిన్నమ్మ వచ్చిన మాట నిజం. డబ్బా తెచ్చిన మాట నిజం. అందులో ఉన్నది బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి. దానిలో సగం తిన్నది నేను.

మంజుల అరుస్తుందనుకున్నాను. నా బ్యాగు తెరిచి చూడమంటుందనుకున్నాను. ఆమె ఆ హోటలు పేరు ఒక్కటి చెబితే చాలు. చెప్పలేదు. నన్నే చూస్తూ నిలబడి, "గట్లనా" అంది. అంతే. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు, మంచితనం అనుకున్నాను. మంచితనం కాదు. ఆ వరండాలో ఎవరి మాట చెల్లుతుందో ఆమెకు ముందే తెలుసు.

"పాముకి పాలు పోశాను" అన్నారు నాన్న. ఇంకా చాలా అన్నారు. ఆమె పుట్టిన ఇంటిని, వాళ్ళ అలవాట్లని, వాళ్ళ మాటకున్న విలువని. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను. ఆయన నోటి నుంచి వచ్చాయి, కానీ వాటికి తలుపు తీసింది నేను. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఆమె ట్రంకు పెట్టె, చాప, పుస్తకాల మూట. నేను సాయం చెయ్యలేదు. గేటు దగ్గర నిలబడ్డాను, వెళ్తోందో లేదో చూసినట్టు. ఆమె గేటు దాటి ఆగింది.

"నాకోసం కాకున్న, వాని కోసమన్న నిజం జెప్తవనుకున్న" అంది.

నేను గేటు గడియ పెట్టాను.

అక్కడితో అయిపోయిందా? కాలేదు. నాన్న ఊరుకోలేదు. మధురానగర్‌లో పిల్లలకి గదులిచ్చే ఇళ్ళవాళ్ళు చాలామంది మా వైపు వాళ్ళే. అందరికీ పేరుతో సహా చెప్పారు. ఆ వీధుల్లో ఆమెకు గది దొరకలేదని తర్వాత కోర్సు పిల్లలు చెప్పారు. బోరబండ గదిలో ఆరో మనిషిగా చేరిందట. క్లాసుకు రావడం తగ్గించింది. వచ్చినా వెనక బెంచీలో కూర్చునేది. నేను తిరిగి చూసేదాన్ని కాదు.

ఇక ఫోను సంగతి. నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం మోగింది. నాన్న ఆఫీసులో, అమ్మ నిద్రలో. ఎత్తాను. ఒక కంపెనీ నుంచి. మేమిద్దరం కలిసి పరీక్ష రాసిన కంపెనీ. మంజుల ఉన్నారా, ఇంటర్వ్యూకి రమ్మని చెప్పాలి అంది అవతలి అమ్మాయి. నన్ను పిలవలేదు, ఆమెను పిలిచింది. బోరబండ ఇల్లు నాకు తెలుసు. ఆటోలో పావుగంట. పక్కింటి కిరాణా కొట్టు ఫోను నంబరు కూడా మంజులే రాసి ఇచ్చింది ఒకప్పుడు, అవసరం పడితే అని.

"ఆమె ఖాళీ చేసి వెళ్ళిపోయారండీ. ఎక్కడున్నారో తెలియదు" అన్నాను.

ఎందుకన్నాను? పగతోనా? ఆమె నాకేం చేసిందని పగ? వెళ్ళి చెబితే ఆమె మొహం చూడాలి. ఆ మొహం చూడలేక ఆమె ఉద్యోగం మింగేశాను. కుక్కను చంపాలంటే పిచ్చిదని ముద్ర వెయ్యాలంటారు కదా. నేను కుక్కను ముందే చంపేసి, ముద్ర మనిషి మీద వేశాను. కొన్నాళ్ళకు ఆమె ఊరికి వెళ్ళిపోయిందని విన్నాను. తర్వాత ఏమీ వినలేదు. వినడానికి ప్రయత్నించలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

గోపి పోయిన రోజు నుంచి నేను మాంసం ముట్టలేదు. వాసన వస్తే గోపి కేక వినిపిస్తుంది. ఇంట్లోవాళ్ళకి కారణం తెలియదు కదా. నా పూజలు, నా నియమాలు చూసి నాన్న మురిసిపోయారు. "మా అమ్మాయి నిప్పండీ" అని చుట్టాలకి చెప్పేవారు, ఒకప్పుడు గోపిని చూపించినట్టు. గోపి పోయాక వాడి చోట్లో నేను కూర్చున్నాను. పెళ్ళి సంబంధంలో కూడా అదే చెప్పారు. మా ఆయన ఇప్పటికీ నన్ను భక్తురాలనే అనుకుంటున్నారు. ఎవరినండీ ఈ మనుషులందరూ ఇన్నేళ్ళూ గౌరవించింది? నాకే తెలియదు. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టే ఈమె ఎవరో ఒక్కోసారి నాకు నిజంగా తెలియదు.

నాన్న పోయేవరకు గోపి కథ చెబుతూనే ఉన్నారు. ఎవరైనా పై కులం కింది కులం ఏంటండీ ఈ రోజుల్లో అంటే చాలు, "అనుభవంతో చెబుతున్నానండీ" అని మొదలుపెట్టేవారు. నమ్మి ఇల్లిస్తే నోరు లేని జీవాన్ని పొట్టన పెట్టుకుందని. మా పిల్లలకి అన్నం తినిపిస్తూ చెప్పారు. నేను పక్కనే ఉండి ముద్దలు కలిపాను.

నాన్న పోయాక ఈ ఇంట్లో మేమే ఉంటున్నాం. పోయిన వారం డాబా గది అద్దెకు అడగడానికి ఒక అమ్మాయి వచ్చింది. రేకులు తీసేసి స్లాబ్ వేయించాం, ఇప్పుడది మంచి గది. మా అమ్మాయి మాట్లాడింది. ఇంజనీరింగు చదువుతోంది మా పిల్ల, నా కంటే తెలివైంది, మర్యాద తెలిసింది. పూర్తి పేరు అడిగింది, ఊరు అడిగింది, నవ్వుతూనే. ఆ తర్వాత "సారీ అండీ, పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారు" అంది. ఎవరూ ఇవ్వలేదు. ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళిపోయాక నా వైపు తిరిగి, "గోపి కథ మన ఇంట్లో మళ్ళీ జరగకూడదు కదమ్మా" అంది. వాడిని చూడనైనా చూడని పిల్ల. గొంతులో నిజమైన బాధ.

ఆ సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను. హోటలు, కాగితం, ట్యాంకు వెనక మూల, డాక్టరు, డబ్బా, ఫోను. ఏదీ వదల్లేదు. టీ కప్పు పట్టుకుని వింది. టీ చల్లారిపోయింది. "తాతయ్య ఈ సంగతి తెలియకుండానే పోయారు. అదే నయం" అంది. తర్వాత, "ఇంక ఇది ఎవరికీ చెప్పకమ్మా. నాన్నకి కూడా" అంది. మంజుల ఏమైందని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు. కప్పు కడిగేసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు గేటుకి టు-లెట్ బోర్డు అలాగే ఉంది.

తిట్టాల్సింది నా కూతురిని కాదు. ఆ పిల్ల నేను వండింది తింటోంది.

మంజుల ఎక్కడున్నా ఇది చదవదు. చదివినా క్షమించనక్కర్లేదు, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు ఆమె వరండాలో నా వైపు తిరిగి చెప్పమంది. ఒక్క మాట. నాన్న ఉన్నప్పుడు చెప్పలేదు, ఎవరికీ చెప్పొద్దని కూతురు అంటోంది. మీకు చెబుతున్నాను, వినండి.

ఎముకలు తెచ్చింది నేను. మంజుల కాదు.